ఐలయ్య పిడికిలి

ఉప్పల్ నుంచి నాచారం పోతున్న బస్సు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, సీట్లు బాగుచేసే ఐలయ్యకు కిటికీలోంచి ఓ ఖరీదైన కారు కనిపించింది. లోపల పొడుగాటి డ్రైవరు, మోకాళ్లు గడ్డానికి ఆనేలా స్టీరింగు వెనక ముడుచుకుని ఉన్నాడు. ఐలయ్య బస్సు దిగి కారు దగ్గరికి పోయాడు. పెళ్లిలో కుర్చీనైనా పిడికిలితో నొక్కి చూడందే కూర్చోని మనిషి మరి! సింహాసనమెక్కిన రాజులు పుస్తకాల నిండా ఉన్నారు గానీ, ఆ సింహాసనాలను ఇలా నొక్కి చూసినవాడి పేరు ఎక్కడా దొరకదు.

"సీటు ముందుకొచ్చి ఇరికిందన్నా. రేపు సారు సూస్తే నా నౌకరీ పాయె," అన్నాడు డ్రైవరు మల్లేశం.

"ఫికర్ జేయకు."

కారు పక్కకు ఆపించి, తన సంచిలోని పానాలతో బ్యాటరీ వైరు తీసి, బోల్టులు విప్పి, పసిపిల్లను దించినట్టు సీటును గోనెపట్టా మీద బోర్లించాడు. సీటు జారే ఇనప పట్టాలో ఇరుక్కుని, ఎండి రాయైన నిమ్మకాయ!

"కారు కొన్ననాడు దిష్టికి నేనే పెట్టిన," గొణిగాడు మల్లేశం.

"కారుకు తగల్లే, నీ మోకాళ్లకు తగిలింది దిష్టి!"

పక్కకు జరిగిన పళ్లచక్రాన్ని సరిచేసి, గ్రీజు రాసి, సీటు మళ్లీ బిగించి, బ్యాటరీ వైరు తగిలించి, పిడికిలితో నొక్కి చూశాడు ఐలయ్య. మీట నొక్కగానే సీటు మెత్తగా వెనక్కి జారింది.

"మస్తుగున్నదే అన్నా!" కాళ్లు బార్లా చాపి కేకేశాడు మల్లేశం.

తల తిప్పేసరికి ఐలయ్య రోడ్డు దాటేస్తున్నాడు, పోతానని కూడా అనకుండా, ఆ నిమ్మకాయను ఎగరేసి పిడికిట పట్టుకుంటూ.