మా బావ గెలిచిన వాదన

మా బావ ఏసుపాదానికి కాలు ఒకచోట నిలవదు. కుట్టుమిషను దొరికింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే చోడవరం నుంచి బుచ్చయ్యపేట దాకా ఊరికే తిరుగుతూ ఉండేవాడు. బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఆయన దుకాణం. ఒక మిషను, గుడ్డ కత్తిరించడానికి ఒక బల్ల, గుమ్మంలో గోనెపట్టా మీద కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టే వాళ్ళమ్మ అచ్చియ్యమ్మ. దుకాణమంటే అంతే.

ఆయన మొదటి పేరు అప్పన్న. మా అక్క కృపామణిని చేసుకోవడానికి మతం పుచ్చుకున్నాడని ఊళ్ళో అనేవారు. అబద్ధం. మా సంబంధం మాట రాకముందే పెద్దేట్లో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ మాట ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళ నాన్న పైడయ్య మాడుగుల దారిలో బండి తోలేవాడు. కొడుకు ఈ దారి పట్టకముందే జ్వరం వచ్చి పోయాడు. యేసు అనే పేరు ఆయన చెవిన పడిందో లేదో కూడా అనుమానమే. అచ్చియ్యమ్మ ఏ మతమూ పుచ్చుకోలేదు. కొడుకుని అప్పన్నా అనే పిలిచేది, కొత్త పేరు నోరు తిరగదనే వంక పెట్టి.

మా బావకి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరు ఏ ప్రశ్న వేసినా జవాబు చెప్పాలి, వేసినవాడు నోరు మూసుకోవాలి. దేశం నుంచి తెల్లవాళ్ళు వెళ్ళిపోయి అప్పటికి ఆరేడేళ్ళు. ఇలాంటి ప్రశ్నలకి కరువు లేదు. బెల్లం దళారీ సత్యారావుకి అదే కాలక్షేపం. సంతరోజు బేరాలు అయిపోగానే వచ్చి బల్ల మీద కూర్చునేవాడు.

"దొరలెళ్ళిపోయేరు గదా, ఆల్ల మతం ఇంకా ఇక్కడేటి సేస్తంది?"

"రైలు కూడా దొరలే తెచ్చేరు బాబూ. మరి అనకాపల్లిలో రైలెక్కడం మానేసేరేటి?"

"దేవుడొక్కడే అంటావు. తండ్రి, కొడుకు, ఆత్మ అని మళ్ళీ ముగ్గుర్ని లెక్కెడతావు."

"గుడ్డకి పొడుగుంది, ఎడల్పుంది, మందముంది. మూడు గుడ్డలంటారా?"

ఈ జవాబు విని మా పాస్టరు అయ్యగారు బుర్ర గోక్కున్నారు. కానీ సత్యారావు ఊరుకోలేదు. తనను తాను కాపాడుకోలేక సిలువ మీద చచ్చినవాడు మిమ్మల్నేం కాపాడతాడని అడిగాడు.

"ఇల్లంటుకుంటే గుంటడ్ని బైటికి తోసేసి తను కాలిపోయిన తల్లిని సేతకానిదంటారేటి బాబూ?" అన్నాడు మా బావ.

ఆ మాటకి గుమ్మంలో కాజా కుడుతున్న అచ్చియ్యమ్మ తలెత్తి చూసింది. అది నేను కళ్ళారా చూశాను. ఆ వేసవి చివర్లో ఆమే కొడుకుతో అంది, "నేనూ ఏట్లో ములుగుతానులేరా అప్పన్నా" అని. మా బావ ఆ రోజు నేల మీద నడిస్తే ఒట్టు. ఊరందరికీ జవాబులు చెప్పేవాడి ఇంట్లో తల్లి ఇంకా బయటే ఉందన్న మాట ఆయన్ని ఏళ్ళ తరబడి తినేస్తూ వచ్చింది. ఇక ఆమె కూడా తనతో వస్తుంది. ఆయనకి కావలసింది అదొక్కటే.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా బావ నోరు ఆ తర్వాతి సంతరోజే జారింది. సత్యారావు ఆ వేళ కొంచెం కోపంగానే ఉన్నాడు.

"మా తాత సీమకి కూడా అపకారం సెయ్యలేదు. మీ యేసు పేరు ఇనకుండా పోయేడు. ఆయన నరకంలో ఉన్నాడంటావా?"

మెల్లగా చెప్పవలసిన చోటు అది. కానీ చుట్టూ పదిమంది మూగారు, మిషను పరుగెత్తుతోంది, మా బావకి గెలుపు తప్ప మరేదీ కనపడలేదు.

"నమ్మకుండా పోయినోల్లందరికీ నరకమే. మీ తాతైనా అంతే, మా అయ్యైనా అంతే!"

సత్యారావు నోరు మూతపడింది. కన్నతండ్రినే వదలనివాడితో ఏం వాదిస్తాడు? లేచి వెళ్ళిపోయాడు. మా బావ గెలిచాడు. అచ్చియ్యమ్మ చేతిలో చొక్కాని మడతపెట్టి పక్కన పెట్టి, సూదికి దారం చుట్టుకుని ఇంటికి నడిచింది.

ఆ తర్వాత మా బావకి ఇంట్లోనూ దుకాణంలోనూ కుదురు లేదు. అచ్చియ్యమ్మ మామూలుగానే అన్నం పెట్టేది, మామూలుగానే కాజాలు కుట్టేది. ఆ మామూలుతనమే ఆయన్ని నిలవనివ్వలేదు. ఒకరి చొక్కా చేతులు ఇంకొకరి చొక్కాకి కుట్టేశాడు. పని మధ్యలో లేచి వీధి చివరిదాకా పోయి, ఎందుకు వెళ్ళాడో తెలియక తిరిగొచ్చేవాడు.

"వెళ్ళి ఆవిడతో మాటాడు బావా," అన్నాను.

"ఏటి మాటాడాల? ఉన్నదే సెప్పేను గదా!" అని నామీద విరుచుకుపడ్డాడు. భయమేస్తే మా బావకి కోపం వస్తుంది.

బాప్తిస్మానికి ముందు ఆదివారం, మునిగేవాళ్ళని సంఘం ఎదుట నిలబెట్టి ప్రశ్నలడగడం మా ఆనవాయితీ. ఆ జవాబులు నేర్పేది సంఘపెద్ద. అంటే మా బావే. అచ్చియ్యమ్మ తల మీద కొంగు వేసుకుని నిలబడింది. అడిగినవాటికి అన్నిటికీ తడుముకోకుండా చెప్పింది. చివర్లో అయ్యగారు, "నువ్వేమైనా అడగాలా అమ్మా?" అన్నారు. అది కూడా ఆనవాయితీయే. ఎవరూ ఏమీ అడగరు.

"అడగాల బాబూ," అంది. "మా ఇంటాయన నరకంలో ఉన్నాడని నా కొడుకు సెప్పేడు. నేను ములిగితే ఆ మనిసికి దూరమైపోతానా?"

అయ్యగారు గొంతు సవరించుకుని, అలాంటి తీర్పులు దేవుడి చేతిలో ఉంటాయమ్మా, మన చేతిలో లేవు, అనబోయారు.

"మీరు కాదు బాబూ. ఆడు సెప్పాల."

మా బావ లేచాడు. ఎన్ని ప్రశ్నల్ని పడగొట్టిన మనిషి! ఒక అడుగు ముందుకేశాడు, మళ్ళీ వెనక్కేశాడు.

"నాకు తెల్దమ్మా," అన్నాడు చివరికి.

"మరి ఆ వేళ తెలిసినట్టే సెప్పేవు?"

"గెలవాలని సెప్పేను."

ఆమె కొడుకు ముఖంలోకి చూసింది. "మీ అయ్యని పందెంలో ఒడ్డి గెలిసేవేట్రా?" అంది. అరవలేదు, ఏడవలేదు. కొంగు సర్దుకుని బయటికి నడిచింది.

ఆ ఏడు ఆమె మునగలేదు. మా బావ సంఘపెద్ద పని మానేస్తానంటే అయ్యగారు ఒప్పుకోలేదు. సత్యారావు ఇంటికి వెళ్ళి ఆయన తాతని అన్న మాటకి తప్పు ఒప్పుకున్నాడు. సత్యారావు మళ్ళీ దుకాణానికి రాసాగాడు, ప్రశ్నలూ మానలేదు. జవాబు చెప్పేటప్పుడు మాత్రం మా బావ మిషను ఆపేవాడు. కొన్నిటికి తెలీదనేవాడు. కానీ తల్లిని మునుగుతావా అని మళ్ళీ అడగడానికి ఆయనకి నోరు రాలేదు. పెద్దేట్లో ఎవరికి బాప్తిస్మం ఇచ్చినా అచ్చియ్యమ్మ వచ్చి ఒడ్డున కూర్చునేది. నీళ్ళలో నిలబడి మా బావ ఆమె వైపు చూసేవాడు, ఆమె కదిలేది కాదు. ఇంటికొచ్చాక ఆయన ఆ పూటంతా అన్నం ముట్టకుండా వాకిట్లో పచార్లు చేసేవాడు.

యాభై ఎనిమిదిలో, చెరకు కొట్టే రోజుల్లో, ఆమె మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం మా అక్క జావ తాగిస్తోంది, నేను గుమ్మంలో ఉన్నాను. మా బావ మంచం పక్కన కూర్చోలేక, నిలబడలేక అవస్థ పడుతున్నాడు. ఆమె చెయ్యి చాపి ఆయన్ని దగ్గరికి లాక్కుంది.

"ఒరే అప్పన్నా, మీ అయ్య మాట నీకింకా తెలీనేదు గదా?"

"తెలీనేదమ్మా."

"పోనీలే. నేనెల్తన్నాను గదా, ఆ దేవుడ్నే అడుగుతాను." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆయన నీలాగ గెలవాలని సెప్పడు గదా?"

మా బావ ఆమె అరచేతిలో ముఖం పెట్టుకున్నాడు.

"సెప్పడమ్మా," అన్నాడు.