మాస్టారి మేక

జ్ఞానశేఖర్ మాస్టారు పోయి ఏళ్లయినా, సికింద్రాబాదులో ఆ వీధివాళ్లకు ఈగ కనబడితే ఆయనే గుర్తొస్తారు. ఎవరింటికి వెళ్లినా కుశలం కంటే ముందు, "అమ్మా, మీ వంటింట్లో చిన్నీగలున్నాయా?" అని అడిగేవారు మరి.

చంకలో ఎప్పుడూ ఒక కుండీ. అందులో నూనె రాసినట్టు మెరిసే ఆకుల మొక్క. ఎక్కడో మబ్బులు కమ్మిన కొండ అడవుల్లో పుట్టిన జాతి. స్వదేశం వెళ్లిపోతూ మిషన్ దొరసాని ఇచ్చిపోయింది. ఆకు జిగురుకు ఈగ అంటుకుంటే తాపీగా అరిగించుకునేది. దొరసాని దాన్ని బటర్‌వర్ట్ అంది. ఇల్లిల్లూ తిప్పి మేపుతారని వీధి మాత్రం 'మాస్టారి మేక' అంది.

"మనింట్లో ఈగల్లేవా అన్నయ్యా?" అని చెల్లెలు దేవకృప మొత్తుకునేది.

"రోజూ ఒకే ఇంటి తిండి దానికి వంటపట్టదే!"

చర్చి మెట్ల మీద పాస్టరమ్మనూ అదే అడిగారు. దేవకృప పది అడుగులు వెనకబడి నడిచేది. కొత్త టీచరు మేబెల్, "ఆయన మీకేమవుతారు?" అంటే, "మా వీధే" అనేసింది.

నలభై ఎనిమిది సెప్టెంబరులో నిజాం మీదికి యూనియన్ సైన్యం వస్తోందన్నారు. దుకాణాలు మూతపడ్డాయి, తలుపులకు గడియలు పడ్డాయి. మాస్టారు మాత్రం కుండీతో బయలుదేరారు. దేవకృప అది లాక్కుని సామాన్ల గదిలో పెట్టి తాళం వేసింది.

"ఉత్త చేతులతో ఎలా వెళ్లనే?" అని మాత్రం అని, ఆయన గుమ్మంలో కూర్చుండిపోయారు.

మూడో రోజు ఎదురింటి విజయమ్మ వచ్చింది. ఆమె భర్త తుకారాం పనిమీద వరంగల్ వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు.

"మాస్టరుకు పానం బాగలేదా అక్కా? మ్యాకను తోలుకొస్తలేడు."

"పోనీలే, నీకు విసుగు తప్పింది."

విజయమ్మ తల వంచుకుంది. "మా ఇంట్ల ఈగల్లేవక్కా."

"అయితే?"

"పొయ్యి ముట్టిస్తె, తొక్కలు పడ్తె గదా ఈగలొచ్చేది! లేవంటె, సరేనమ్మా అని పోతుండె. జెరసేపటికి గడప కాడ బియ్యం మూట ఉంటుండె. ఏందిది సారూ అంటె, ఈగలకు మేత, నీక్కాదు అంటుండె. ఎవ్వలకు చెప్పనని ఒట్టేసిండు."

డబ్బాలో బియ్యం తరిగినప్పుడల్లా దేవకృప ఎలుకల్ని తిట్టేది. ఇప్పుడు అన్న మొహం చూడలేకపోయింది. విజయమ్మ ఒళ్లో బియ్యం పోసి, తాళం తీసి, కుండీ చంకన పెట్టుకుంది.

"ఇలా తే, నేను వెళ్తాను" అన్నారు మాస్టారు.

"నువ్వు కూర్చో. బయట బాగాలేదు."

మొదట మేబెల్ ఇంటి తలుపు తట్టింది.

"ఎవరది?" లోపల్నుంచి భయం భయంగా గొంతు.

"జ్ఞానశేఖర్ మాస్టారి సొంత చెల్లెల్ని!" వీధంతా వినేలా అరిచింది దేవకృప. "టీచర్, మీ వంటింట్లో చిన్నీగలున్నాయా?"