సీసాలో చామనచాయ

పెళ్ళి కాకముందు శ్రీవిద్య ఒంటిమీద జరిగినన్ని ప్రయోగాలు ఆమె చదివిన బీఎస్సీ కెమిస్ట్రీ ల్యాబులో కూడా జరగలేదు. సెనగపిండి, మీగడ, నిమ్మచెక్క, రకరకాల ట్యూబు క్రీములు, ఆఖరికి పక్కింటావిడ చెప్పిన బొప్పాయి గుజ్జు. ఏలూరులో ఆ ఇంటి ఆడవాళ్ళంతా కలిసి పదేళ్ళు పాటుపడినా ఆమె చామనచాయ ఇసుమంత కూడా కదల్లేదు. పెళ్ళివారికి పంపిన కాగితంలో మాత్రం 'గోధుమవర్ణం' అని రాశారు. ఏ దేశపు గోధుమలో రాయలేదు.

అలాంటి శ్రీవిద్యకు నలభై నాలుగో ఏట, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, ఏ క్రీమూ రాయకుండానే తెల్లదనం వచ్చింది. దేవుడు అర్జీ ఆలకించాడు గానీ తీర్చడంలో కాస్త జాప్యం జరిగింది. పైగా ఒళ్ళంతా ఒకేసారి కాకుండా కుడిచేతి మణికట్టు మీద రూపాయి బిళ్ళంత, వేళ్ళ కణుపుల మీద చుక్కలు చుక్కలుగా, పెదవి కొసన గోరంత, విడతలవారీగా మంజూరు చేశాడు.

"విటిలిగో. అంటుకునే జబ్బు కాదు, ప్రాణానికి భయం లేదు" అంది స్కిన్ డాక్టరు. పూతమందు రాసిచ్చి, వారానికి రెండుసార్లు లైట్ ట్రీట్‌మెంట్‌కి రమ్మంది. రంగు తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు, రాకపోనూవచ్చు అంది. తెల్లబడిన చోట ఎండ తగలనివ్వొద్దని కూడా చెప్పింది. ఆగస్టు నెలలో టెక్సస్‌లో ఆ మాట చెప్పడానికి చాలా చదువు కావాలి.

భర్త దివాకర్ రెండు గంటలు గూగుల్ చేసి "నథింగ్ సీరియస్" అని తేల్చి క్రికెట్ స్కోరు చూసుకున్నాడు.

సీరియస్ ఎంతో శ్రీవిద్యకు శ్రావణ శుక్రవారం నాడు తెలిసింది. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ పెద్దదిక్కులాంటి అనురాధ గారింట్లో వ్రతం. అరవై ఏళ్ళావిడ, పాతికేళ్ళ కిందటే వచ్చి స్థిరపడ్డ మనిషి. వచ్చిన ముత్తయిదువలకు కాళ్ళకు పసుపు రాసే పని ప్రతి ఏడూ శ్రీవిద్యదే. అలవాటుగా పసుపు గిన్నె అందుకోబోతే అనురాధ గారు మెత్తగా లాగేసుకున్నారు.

"నువ్వు కూర్చోమ్మా శ్రీవిద్యా. ఆఫీస్‌లో టైర్డ్ అయిపోయి ఉంటావు."

ఆరోజు ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చిన శ్రీవిద్యకు తన అలసట ఎక్కడిదో అర్థం కాలేదు. పులిహోర వడ్డించబోతే గరిటె కూడా చేతిలోంచి మాయమయ్యాక, అందరి చూపులూ తన మణికట్టు మీద ఆగి ఆగి వెళ్తుంటే అర్థమైంది. 'కోడలు తెల్లగా పాలరాయిలా ఉంది' అని మురిసిపోయే ఆడవాళ్ళే వాళ్ళంతా. తెలుపంటే వాళ్ళకు ప్రాణం. కాకపోతే అది పుట్టుకతో రావాలి, ముక్కలుగా రాకూడదు.

తిరుగుదారిలో పదహారేళ్ళ కూతురు వేద కారులో ఉడికిపోయింది.

"అమ్మా, దట్ వాజ్ సో రూడ్. నువ్వు ఏం అనలేదు ఎందుకు?"

"ఏమంటానే, అంత పెద్దావిడని."

"అయితే కవర్ చేసుకో. సెల్ఫ్ టానర్ ఉంది కదా? మా డాన్స్ టీమ్ గర్ల్స్ అందరూ కాంపిటిషన్ ముందు పెట్టుకుంటారు. బ్రౌన్ అవుతారు."

"తెల్లపిల్లలు కావాలని నల్లబడతారా?"

"బ్రౌన్, అమ్మా. నాట్ నల్ల."

మర్నాడే శ్రీవిద్య షాపుకు వెళ్ళింది. ఒక గోడ గోడంతా అవే. నురగలా వచ్చేవి, లోషన్లు, స్ప్రేలు, మాయిశ్చరైజర్‌లో కలుపుకునే చుక్కల మందులు, తుడుచుకునే తడికాగితాలు. లైట్, మీడియం, డార్క్, అల్ట్రా డార్క్. అల్ట్రా డార్క్ డబ్బా మీద నవ్వుతున్న పిల్ల శ్రీవిద్య కంటే మూడు చాయలు తక్కువ నలుపు. ఏలూరులో అలాంటి పిల్లను చూపించే శ్రీవిద్యను దెప్పేవారు. అయినా ఉన్నవాటిలో అదే దగ్గర కదా అని అల్ట్రా డార్క్ నురగ సీసా కొని, వెనకున్న చిన్నక్షరాలు చదవకుండా, ఆ సాయంత్రమే చెయ్యంతా దట్టంగా పట్టించేసింది. కెమిస్ట్రీ చదివిన మనిషికి కాగితం చూసి మందు రాసుకోవడం నామోషీ.

పొద్దున లేచి చూసుకుంటే తెల్లమచ్చ నారింజ రంగులో ఉంది. చుట్టూ ఉన్న మామూలు చర్మం ఇంకాస్త నల్లబడి ఆ నారింజకు చక్కగా అంచు కట్టింది. అరచేతులు ఉత్త చేతుల్తో ఆవకాయ కలిపినట్టున్నాయి. పైగా మెత్తబడ్డ బిస్కెట్ల వాసన. ఆ వారమంతా ఆఫీసు మీటింగుల్లో శ్రీవిద్య ల్యాప్‌టాప్ కెమెరా పాడైపోయింది.

పోస్టు డబ్బా దగ్గర ఆ చేతిని మొదట పట్టుకున్నది ఎదురింటి బ్రెండా. అరవై ఎనిమిదేళ్ళు, స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి.

"అయ్యో తల్లీ, రాసుకునే ముందు చర్మం సిద్ధం చేసుకోలేదు కదూ? గ్లవ్ కూడా వాడలేదు" అంది తన టెక్సస్ యాసలో.

శ్రీవిద్యకు ఏడుపొచ్చినంత పనైంది. అంతవరకూ ఆ చేతిని చూసి, జాలిపడకుండా, తప్పెక్కడ జరిగిందో చెప్పిన మనిషి ఆవిడొక్కతే.

బ్రెండా వయసులో ఉన్నప్పుడు ఒంటికి నూనె పట్టించుకుని సముద్రపు ఒడ్డున అప్పడంలా ఎండిందట, ఏళ్ళ తరబడి, గోధుమరంగు కోసం. ఆ రంగు నిలవలేదు గానీ ముక్కు కొసన క్యాన్సర్ నిలిచింది. డాక్టర్లు చిన్న ముక్క కోసి తీసేశారు. "అప్పట్నుంచీ నా ఎండ సీసాలోంచే వస్తుంది" అని నవ్వేసింది. తెల్లగా పుట్టి గోధుమరంగు కోసం ముక్కు కొస పోగొట్టుకున్నావిడా, గోధుమవర్ణంగా పుట్టి తెలుపు కోసం పదేళ్ళు సెనగపిండిలో నానినావిడా ఆ శనివారం నుంచి ఒకే వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు.

బ్రెండా గురువుగా కఠినురాలు. మొదటి మాట, మోచేతి లోపల చుక్క రాసి ఒక రోజు ఆగు, దురదొస్తే పారెయ్. నురగ వద్దు, కొద్దికొద్దిగా రంగెక్కే లోషన్ తీసుకో. ఎర్రతనం కాకుండా ఆకుపచ్చ ఛాయ ఉన్నది చూసుకో, నారింజ తేలదు. నీ చర్మాన్ని గట్టిగా తోమకు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. తోమితే కొత్త మచ్చలు రావచ్చని డాక్టరు కూడా శ్రీవిద్యకు చెప్పే ఉంది. దూదిపుల్లతో తెల్లటి చోటు లోపలే అద్దు, అంచు చుట్టూ మాయిశ్చరైజర్ రాయి. కణుపుల మీద సగమే, అవి రంగు ఎక్కువ తాగుతాయి. ఆరేదాకా గిన్నెలు తోమకు.

"ఈ ఆఖరిది రోజూ చెప్పు, ప్లీజ్, మా ఇంటికి వచ్చి" అంది శ్రీవిద్య.

"ఇంకోటి. రంగొచ్చింది కదా అని సన్‌స్క్రీన్ మానకు. ఇది వట్టి రంగు, ఎండను ఆపదు. నా ముక్కునడుగు."

శ్రీవిద్యలో ఇరవై ఏళ్ళుగా నిద్రపోతున్న కెమిస్ట్రీ విద్యార్థిని లేచి కూర్చుంది. లోషన్‌లోని చక్కెర జాతి పదార్థమొకటి చర్మం పైపొరలోని మృతకణాలతో కలిసి, పెనం మీద రొట్టె కాలినట్టు, గోధుమరంగుకు మారుతుందని చదువుకుంది. ఆ పొర రాలితే రంగూ రాలుతుంది, ఎంత లేదన్నా వారమే. నోటు పుస్తకం పెట్టి ఏ లోషన్, ఎన్ని పూతలు, ఎన్నోరోజుకు ఏ రంగు అని రాసుకుంది. మూడు రకాలు మార్చింది. ఆరు వారాలకు మణికట్టు మీద మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో దివాకర్ కనిపెట్టలేకపోయాడు. అతను అంతకుముందు కూడా పెద్దగా కనిపెట్టింది లేదనుకోండి.

దీపావళి పార్టీలో అనురాధ గారు కుంకుమ పళ్ళెం తనంతట తానే తెచ్చి శ్రీవిద్య చేతికిచ్చారు.

"తగ్గిపోయిందే! అంతా అమ్మవారి దయ. నీ పేరు మీద నేను దండం పెట్టుకున్నాలే."

"థాంక్సండీ" అంది శ్రీవిద్య. అమ్మవారు దూదిపుల్లలు వాడుతుందని చెప్పలేదు. ఆ పని పక్కనే నిలబడ్డ వేద చేసింది, సీసా రంగుతో సహా వివరంగా.

రెండు వారాలు గడిచాక అనురాధ గారు మిఠాయి డబ్బాతో శ్రీవిద్య ఇంటికొచ్చారు. ఆవిడ కబురు చేస్తే జనం వెళ్ళడమే గానీ ఆవిడ ఒకరింటికి రావడం లోకవిరుద్ధం. మంచినీళ్ళు తాగి, గొంతు తగ్గించి విషయం చెప్పారు. ఇంకో రాష్ట్రంలో, మోరిస్‌విల్‌లో ఉద్యోగం చేస్తున్న తన మేనల్లుడు ఈషాన్‌కు మూడు వారాల్లో ఇక్కడే ఫ్రిస్కోలో ఎంగేజ్‌మెంట్. అతనికి మెడ మీద, వేళ్ళ మీద ఇవే మచ్చలు.

"అమ్మాయి వాళ్ళకి చెప్పలేదమ్మా. ఆ పూటకి కనబడకుండా చేస్తే చాలు."

"ఇది వారం కూడా ఉండదండీ. పెళ్ళయ్యాక?"

"పెళ్ళయ్యాక వాళ్ళే అడ్జస్ట్ అవుతార్లే."

శ్రీవిద్య ఖాళీ గ్లాసు అందుకుంది. "ఈషాన్‌కి ఎప్పట్నుంచి ఉందండీ?"

"హైస్కూల్ నుంచి."

"అంటే శ్రావణ శుక్రవారానికి ముందునుంచే. అంటుకోదని మీకు అప్పటికే తెలుసు. మరి నా చేతిలోంచి పసుపు గిన్నె ఎందుకు తీసుకున్నారు?"

"నువ్వు టైర్డ్‌గా..." అని మొదలుపెట్టారు అనురాధ గారు. మిఠాయి డబ్బా మీద దారం సర్దారు. "నలుగురూ చూస్తారు కదమ్మా. నేనేమీ అనకపోతే, ఈవిడింట్లో కూడా ఉందేమో అందుకే ఊరుకుంది అనుకుంటారని" అన్నారు మెల్లగా.

శ్రీవిద్యకు కోపం వచ్చింది. అంత పెద్ద ఇల్లు, అంత పెద్ద మనిషి, పదిహేనేళ్ళుగా ఒక కుర్రాడి మెడకు భయపడుతూ బతికింది కదా అని కోపం కాస్తా పలచబడింది. పూర్తిగా పోలేదు.

"నేర్పిస్తానండీ. అబద్ధం మాత్రం నేను ఆడను. అతన్నే నాతో మాట్లాడమనండి."

ఆ ఆదివారం ఈషాన్ వీడియో కాల్ చేశాడు.

"సారీ ఆంటీ, అత్త మిమ్మల్ని ఇరికించేసింది. అంకితకి ఫస్ట్ డే నుంచి తెలుసు. కాఫీ షాప్‌లో తనే అడిగింది, నేను చెప్పాను. వాళ్ళ మదర్‌కి కూడా తెలుసు. మావాళ్ళు సీక్రెట్‌గా ఉంచాలనుకుంటున్నారని పాపం వాళ్ళే తెలియనట్టు ఉంటున్నారు."

"మరి అత్తకి చెప్పొచ్చుగా?"

"చెప్పా. తను నమ్మట్లేదు. తెలిస్తే ఎందుకు ఒప్పుకుంటారు అంటుంది."

శ్రీవిద్య నవ్వాపుకోలేకపోయింది. రెండు కుటుంబాలు, ఇరవై మంది, అందరికీ తెలిసిన రహస్యాన్ని ప్రాణాలొడ్డి కాపాడుతున్నారు.

"అయినా టెక్నిక్ చెప్పండి ఆంటీ. ఎంగేజ్‌మెంట్‌కి వద్దు. క్లయింట్ ప్రెజెంటేషన్స్‌కి పనికొస్తుంది, వాళ్ళు నా స్లైడ్స్ మానేసి వేళ్ళు చూస్తున్నారు."

గంటన్నరసేపు చెప్పింది. నోటు పుస్తకం ఫోటోలు తీసి పంపింది.

ఎంగేజ్‌మెంట్ రోజున ఈషాన్ కాలరు పైబొత్తాం విప్పుకునే వచ్చాడు. అనురాధ గారు ఫోటోగ్రాఫర్ వెనకే తిరుగుతూ "ఎడంవైపు నుంచి తియ్యి నాయనా, ఎడంవైపు లైటింగ్ బాగుంది" అంటూ గడిపారు. అంకిత తల్లి శ్రీవిద్య పక్కన భోజనానికి కూర్చుని, ఈషాన్‌కు ఏ సన్‌స్క్రీన్ కొంటే మంచిదని అడిగింది. అనురాధ గారి చెవిన ఆ మాట పడింది. చేతిలో ఉన్న గరిటె, దాన్నిండా ఉన్న కొబ్బరన్నంతో సహా, కాసేపు గాల్లోనే ఉండిపోయింది. తర్వాత ఏమీ విననట్టు వడ్డించారు. మళ్ళీ వచ్చి, శ్రీవిద్య కంచంలో అడక్కుండా ఇంకో గరిటె వేసి వెళ్ళారు. క్షమాపణ అంటే ఆవిడ లెక్కలో అంతే.

లైట్ ట్రీట్‌మెంట్‌తో మణికట్టు మీద చీమ తలకాయలంత గోధుమ చుక్కలు కొన్ని మొలిచాయి. ఎడమ మోచేతి మీద కొత్త తెలుపు మొదలైంది. ఆఫీసులో పెద్ద మీటింగుంటే శ్రీవిద్య ముందురోజు లోషన్ అద్దుకుంటుంది. బుద్ధి పుట్టకపోతే మానేస్తుంది, దూదిపుల్లలు పట్టుకుని కూర్చునే ఓపిక అన్నిసార్లూ ఉండదు.

చర్మం సంగతులు తెలిసిన మనిషని ఊళ్ళో పేరు మాత్రం వచ్చేసింది. వారానికి నాలుగైనా ఫోన్లొస్తాయి. ఒక్కరు మచ్చల గురించి అడుగుతారు, మిగతా ముగ్గురూ తమ పిల్ల కాస్త తెల్లబడటానికి ఏదైనా ఉందా అంటారు.

"లేదండీ, నా దగ్గర నల్లబడేవే ఉన్నాయి" అని శ్రీవిద్య ఎంతో మర్యాదగా చెప్తుంది.