తడి తువ్వాలు

నగరి మగ్గాలాయన పెండ్లాన్ని తలుచుకుంటే నాకు తడి తువ్వాలే గుర్తొస్తాది. ఆయన మా వార్డులో ఎయిడ్సుతో పడుండినాడు. "కోసిన వంకాయ గాలికి నల్లబడినట్టు, ఈ వైరసు దెబ్బకు ఒంట్లో కణాలు చెడిపోతాయమ్మా," అని డాక్టరు ఆమెకు చెప్పినాడు. వంకాయ ముక్కల్ని నీళ్లలో వేస్తే నల్లబడవు గదా. ఆ పొద్దు నుంచి ఆమె తువ్వాలు తడిపి మొగుణ్ణి తుడుస్తానే ఉండింది.

డ్యూటీలో నా కాళ్లు లాగతా ఉంటే, "తుడిచింది సాల్లేమ్మా, నువ్వన్నా రోంత కూసో," అనేదాన్ని.

"ఆరిపోతాది సిస్టరక్కా," అనేది.

ఆయన పోయినాక శవాన్ని ముట్టేదానికి అన్నదమ్ములు కూడా రాలేదు. ఆమే తుడిచింది.

మళ్లా వానలకు, అదే జబ్బుతో, అదే మంచానికి ఆమె ఒక్కతే వచ్చింది. సంచిలోంచి ఆ తువ్వాలు తీసి దిండు పక్కన పెట్టుకునింది. అట్టలాగా ఎండిపోయి ఉండింది.