మూడోసారి వచ్చిన నమూనా

మా ల్యాబులో అందరూ ఆమెను అనుమానాలక్క అంటారు. సీసా మీద పేరు నేను చదివి వినిపిస్తే నమ్మదు, తానే చదవాలి. ఫ్రిజ్ చల్లదనం మీద అనుమానం, సీసాలు కడిగిన నీళ్ల మీద అనుమానం, కిటికీ దగ్గర నమూనాలు తీసుకునే నా మీదైతే చెప్పనే అక్కర్లేదు. నాకు ఒళ్లు మండేది. కానీ ఇరవై ఏళ్లలో ఆమె రిపోర్టును ఒక్క డాక్టరూ తప్పుపట్టలేదు, ఒప్పుకోవాలి.

ఆ గుణాన్ని ఇంటికీ మోసుకెళ్లింది. ఆమె తమ్ముడి భార్య రెడీమేడ్ బట్టల యూనిట్లో ఇస్త్రీ చేస్తుంది. ఆ పిల్లకు యోనిలో ఇన్ఫెక్షన్. మాత్రలు వాడితే తగ్గడం, నెల తిరక్కుండా మళ్లీ అదే వాసన, అదే తెల్లబట్ట. రెండోసారి రాగానే మరదలు మందు మింగడం లేదని అక్క తేల్చేసింది. రోజూ పొద్దున్నే స్ట్రిప్పులో మాత్రలు లెక్కపెట్టేది. మూడోసారికి తమ్ముడు ఇంకాస్త ముందుకెళ్లాడు. భార్య ఎవడి దగ్గరో అంటించుకొస్తోందట! అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా.

భార్యను వెంటబెట్టుకుని నేరుగా ల్యాబుకే వచ్చాడు. నేను వింటున్నానన్న సిగ్గయినా లేదు.

"నువ్వేం చెప్తే అదే, అక్కా. తప్పు దీనిదని తేలితే పుట్టింటికి పంపేస్తా."

ఆ పిల్ల బల్ల మీద తల వంచుకుని కూర్చుంది.

ఆ పిల్ల ఇచ్చిన నమూనాతో అక్క స్లైడు చేసి చూసింది. కణాల అంచులు కనబడనంత దట్టంగా సూక్ష్మజీవులు అతుక్కుని ఉన్నాయి. తన చెయ్యి మీదే అనుమానమొచ్చి ఇంకోటి చేసింది. తర్వాత వాటిని గాజు గొట్టంలో పెంచి మందు వేసింది. విడిగా తేలేవి చచ్చాయి. గోడకంటుకుని జిగురు పొర కట్టుకున్నవి బతికే ఉన్నాయి. మూడుసార్లు చేసినా అంతే.

వారం తర్వాత ఇద్దరినీ పిలిపించింది. బక్కెట్టు అడుగున పాచి పడితే పైన ఎన్ని నీళ్లు పోసినా పోదు కదా, ఇదీ అంతేనని తమ్ముడికి చెప్పింది. లోపలుండే మంచి బాక్టీరియా తయారుచేసే ఆమ్లమే ఆడవాళ్లకు సహజమైన కాపలా అట. ఆ పొర దాన్నీ లోపలికి రానివ్వదు, మందునూ పూర్తిగా చేరనివ్వదు. అడుగున మిగిలినవే మళ్లీ పెరుగుతాయి. జబ్బు తిరిగొచ్చినంత మాత్రాన ఎవరి నడతా తేలదని గట్టిగానే చెప్పింది.

తమ్ముడు గుండెల మీద బరువు దిగినట్టు నవ్వి, పద ఇంటికెళ్దాం అన్నాడు. ఆ పిల్ల కదల్లేదు.

"మాత్రలన్నీ వేసుకున్నాను, ఎక్కడికీ పోలేదు అని మూడు నెలల్నుంచి చెప్తూనే ఉన్నా కదా వదినా. నేను చెప్తే నమ్మలేదు. పురుగులు చెప్తే నమ్మారు."

అక్క చేతిలోని రిపోర్టు కోసం ఆ పిల్ల చెయ్యి చాపింది.

"ఆ కాగితం ఇటివ్వండి. ఇక నా వైద్యం నేనే చూసుకుంటా."

రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుంది. వెంట రాబోయిన మొగుణ్ణి చేత్తో ఆపి, ఒక్కతే మెట్లు దిగి వెళ్లిపోయింది.