తాతయ్య తాడుకి నేను వేసిన దొంగ ముడులు

నా చిన్నప్పుడు చేసిన ఒక తప్పు రాద్దామని కూర్చున్నాను. నేను చదివింది ఎస్టేటు తమిళ బడిలో, అదీ ఆరో తరగతి వరకే. తెలుగు అక్షరాలు మా అత్త దగ్గర నేర్చుకున్నవి. ఒత్తులు తప్పిపోతాయి, సిగ్గుగా ఉంది.

మాది మలేషియాలో బాగన్ దాతుక్ ఊరి దగ్గర కొబ్బరి ఎస్టేటు. ఏటా వానల్లో ఉత్తరాన చలిదేశాల నుంచి అడవి బాతులు వచ్చి మా తీరం బురదలో దిగేవి. చదువురాని మా తాతయ్య, కొబ్బరికాయల లెక్కకి వేసినట్టే, ఇరవై బాతులకి ఒక ముడి చొప్పున పీచుతాడుకి వేసేవాడు. ఏడాదికో తాడు వసారా దూలానికి వేలాడేది. నిరుటికన్నా ముడులు తగ్గితే ఆ ఏడు మా కూలీల లైనిళ్ళలో ఎవరూ బాతులకి వల వేసేవారు కాదు. ఆయన మాటంటే అంత నమ్మకం.

నాకు పదేళ్ళప్పుడు తాతయ్య కళ్ళు మసకబారాయి. "నువ్వెల్లి సూసిరా అమ్మా. ఉన్నది ఉన్నట్టు ముడెయ్యి, సాలు" అని కొత్త తాడిచ్చి పంపాడు. నేను దారిలో స్నేహితురాలి ఇంట్లో ఆటలో పడి, బురద దాకా వెళ్ళనే లేదు. నిరుడు పదకొండు ముడులని గుర్తుంది. తాతయ్య సంతోషిస్తాడని పన్నెండు వేశాను.

ఆయన వేళ్ళతో తడిమి చూసి, "ఒకటి పెరిగినాది!" అని మురిసిపోయాడు.

"ఇంకేటి తాతా, వల ఏసేద్దుమా? నీ తాడు సెప్పందే మా ఇంట కూర ఉడకదు లా!" అన్నాడు పక్కింటి మామ, మా మలేషియా వాళ్ళ అలవాటుగా చివర 'లా' తగిలించి.

"ఏసుకోండ్రా" అన్నాడు తాతయ్య నవ్వుతూ.

రెండు రోజులకి ఆ మామ మళ్ళీ వచ్చాడు. "ఏటి తాతా ఇది? మొత్తం దిగినవే నలభై. సగం మా వలల్లోనే పడిపోనాయి. నీ తాడు పన్నెండు ముడులంటాదేటి?"

నేను తలుపు వెనక ఉన్నాను. తాతయ్య ఒకసారి నా వైపు తిరిగి, మళ్ళీ మామ వైపు తిరిగాడు.

"నా కళ్ళు పోనాయి కదరా. తప్పు నాదే" అన్నాడు.

ఆ తర్వాత వల వేసేముందు ఆయన్ని ఎవరూ అడగలేదు. సాయంత్రం ఆ తాడు నా చేతికిచ్చి, "పది ఇప్పమ్మా" అన్నాడంతే. పీచు ముడులు బిగిసిపోయి గోళ్ళు చిట్లాయి. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని.

మరుసటి ఏడు మళ్ళీ నన్నే పంపాడు. మోకాలి లోతు బురదలోకి దిగి లెక్కపెట్టాను. తాతయ్య పోయాక కూడా మానలేదు. ఇప్పుడు మా అబ్బాయి మోటారుసైకిల్ మీద తీసుకెళ్తాడు. తాళ్ళకి ముడులు ఏటేటా తగ్గుతూ వచ్చాయి. ఈ ఏడు ఇరవై బాతులు కూడా రాలేదు. ముడి లేని తాడునే వేలాడదీశాను.

నా రాతలో తప్పులుంటే పెద్ద మనసుతో క్షమించండి. ఆ పది ముడులకి మాత్రం క్షమాపణ అడగలేను. అడగాల్సిన మనిషి లేడు.