బల్లకు ముక్కుందా?

“మాస్టారూ, పాపను ఆ గదిలో పడుకోబెడితే ఏమన్నా అవుతుందంటారా?”

ఫ్యాక్టరీ కెమిస్టమ్మ తన చంటిపాప గురించి అడిగింది. మాస్టారు రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి, తాపీగా అడిగారు.

“ముందు పాప ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో చెప్పమ్మా.”

ఆవిడకు వెళ్ళి గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

ముక్కుల మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. మనిషి కనిపిస్తే చాలు, ఆ మనిషి ముక్కు నేలకు ఎంత ఎత్తున ఉందో టేపు పెట్టి కొలవాలి. ఆ చెప్పుల ఫ్యాక్టరీలో గాలి పరీక్ష ఆయన పని. సన్నటి గాజుగొట్టం రెండు కొసలూ విరిచి, చేతిపంపుకు తగిలించి, ఒక్క గుంజు గుంజి, నిమిషం ఆగాలి. గాలిలో జిగురు ఆవిరి ఉంటే గొట్టంలోని తెల్లటి పొడి గోధుమరంగుకు తిరుగుతుంది. రంగు ఎన్ని గీతలు పాకితే అంత ఆవిరి ఉన్నట్టు. ఐదు నిమిషాల్లో తేలిపోయే వ్యవహారం. మాస్టారికి మాత్రం పూట పడుతుంది. గొట్టం సరిగ్గా పనిచేసేవాళ్ళ ముక్కు పక్కనే ఉండాలి, అంగుళం అటూ ఇటూ కాకూడదు మరి.

ఇన్నేళ్ళలో ఆయనకు ఒక్కరి పేరూ గుర్తుండలేదు గానీ రెండొందల ముక్కులు కంఠతా వచ్చు. “ఐదడుగుల రెండంగుళాలు ఇంకా దిగలేదా?” అన్నారంటే మేనేజరు కారు రాలేదని అర్థం. కెమిస్టమ్మ ఉద్యోగంలో చేరిన రోజు అందరూ కాఫీ ఇచ్చారు, ఆయన టేపు పెట్టారు. అప్పట్నుంచీ ఆవిడ “నాలుగు ఎనిమిది.” రసాయనశాస్త్రంలో ఫస్టు క్లాసు తెచ్చుకున్నది ఇలా పిలిపించుకోవడానికా అని ఆవిడ ఏడుపు.

ఒకసారి మేనేజరుకు ఒళ్ళు మండింది. “లైను ఆగి అరగంటయింది మాస్టారూ! ఆ గొట్టమేదో బల్ల మీద పెట్టి లాగెయ్యకూడదూ?”

“బల్లకు ముక్కుందా?”

“పోనీ గోడకు తగిలించండి!”

“గోడ ఊపిరి పీలుస్తుందా?”

మేనేజరు పళ్ళు నూరుకున్నాడు. మాస్టారు చెప్పులకు అట్టలు అంటించే పిన్నిగారి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, “నేను లేననుకో తల్లీ. నీ పని నువ్వు కానియ్యి” అన్నారు.

“ముక్కు కింద గొట్టం పెట్టుకుని లేననుకోమంటే ఎలా బాబాయ్? నాకు తుమ్మొస్తోంది!”

“ఆపుకో. ఇంకా నలభై సెకన్లుంది.”

పనిలో పడ్డాక పిన్నిగారి తల మెల్లగా వంగింది. మాస్టారు గంతేశారు. “చూశారా! ధ్యాస కుదిరితే ఈవిడ ముక్కు నాలుగంగుళాలు దిగుతుంది!” రిజిస్టరులో పాత అంకె కొట్టేశారు, కొత్త గొట్టం విరిచారు, మళ్ళీ మొదలు. వారం తిరక్కముందే పిన్నిగారి బల్ల దగ్గర, సరిగ్గా ఆ ఎత్తులో, ఆవిరి లాగేసే ఫ్యాను వెలిసింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. లైను ఆగిన సంగతి మాత్రం ఏడాదిపాటు చెప్పుకున్నారు.

అలాంటి మనిషిని ఇంటి సంగతి అడగడం తన బుద్ధితక్కువేనని కెమిస్టమ్మకు తెలుసు. కానీ ఇంకెవరున్నారు? వడ్రంగి పాప గదిలో బీరువా బిగించి, మెరుగు పూసి వెళ్ళి నెలయింది. వాసన పోయిందని భర్త, పోలేదని ఆవిడ. పాప ఆ గదిలో ఉన్నంతసేపూ చిరాకుపడుతోంది. మూడు రోజులుగా ఆవిడ దాన్ని హాల్లోనే, ఒళ్ళో పడుకోబెట్టుకుంటోంది.

“నిన్న మీ దగ్గర గొట్టం తీసుకెళ్ళి కొలిచాను సార్. ఏమీ లేదు. అయినా భయం పోవట్లేదు.”

“ఎక్కడ కొలిచావ్?”

“గది మధ్యలో నిలబడి.”

“అంటే నాలుగు ఎనిమిది దగ్గర. నీ భయం నీ గురించా, పాప గురించా?”

“పాప ఇంకా నిలబడదు సార్. పాకుతుంది.”

సాయంత్రం మాస్టారు ఇంటికొచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. టేపు పట్టుకుని పాప వెనకాలే గదంతా పాకారు. “ఆగవే తల్లీ, ఒక్క క్షణం... అబ్బ, కుదురుగా ఉండే ముక్కు కాదమ్మా ఇది!” పాప కిలకిలా నవ్వుతూ ఇంకా జోరుగా పాకింది.

గుమ్మంలో నిలబడ్డ భర్త ఆవిడ చెవిలో గొణిగాడు. “మీ ఫ్యాక్టరీని కాపాడేది ఈయనేనా?”

“పాకితే తొమ్మిదంగుళాలు, పడుకుంటే నాలుగు!” అని ప్రకటించి మాస్టారు బోర్లా పడుకున్నారు. పాప పరుపు పక్కన చెంప నేలకు ఆనించి, గొట్టం విరిచి, పంపు గుంజారు. “నిమిషం. ఎవరూ కదలొద్దు.” పాప ఎక్కి ఆయన వీపు మీద కూర్చుంది. ఆయన కదలలేదు.

తెల్లటి పొడి రంగు మారింది.

బీరువా దగ్గర రెండో గొట్టంలో రంగు ఇంకాస్త పాకింది. బీరువా అడుగున పెట్టిన మూడో గొట్టంలో సగం దాకా ఎక్కింది. భర్త అడుగుపలక ఊడదీశాడు. వెనకాల మూలన, వడ్రంగి మర్చిపోయిన, మెరుగులో కలిపే థిన్నర్ డబ్బా, మూత వదులుగా.

“ఈ ఆవిరి గాలికంటే బరువమ్మా. నేలనంటుకుని ఉంటుంది.”

ఆ ముక్క కెమిస్టమ్మ పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. ఆవిడ తలెత్తలేకపోయింది.

డబ్బా బయటికి పోయింది, కిటికీలు బార్లా తెరుచుకున్నాయి. మాస్టారు వరసగా మూడు సాయంత్రాలు వచ్చి, అదే చోట బోర్లా పడుకుని, గొట్టం తెల్లగా మిగిలేదాకా వదల్లేదు. పాప మూడుసార్లూ వీపెక్కింది. ఆఖరి రోజు ఆయన రిజిస్టరులో మేనేజరు ముక్కు కిందే పాప ముక్కు ఎక్కించి, పక్కన నాలుగు గళ్ళు ఖాళీగా వదిలారు.

“ఇవెందుకు సార్?”

“పెరుగుతుందిగా. మళ్ళీ మళ్ళీ రావాలి.”

ఆయనకు పేర్లు గుర్తుండవని ఆవిడ ఇన్నాళ్ళూ విసుక్కుంది. పేర్లు ఊపిరి పీల్చవని ఆయన లెక్క కాబోలు.

ఇప్పుడు పాప ముక్కు రెండడుగులు దాటింది. అది ఊరికే ఏడ్చినా, మంచం కింద ఏదో ఉందని వేలు చూపించినా, కెమిస్టమ్మ నేల మీద బోర్లా పడుకుంటుంది. గొణుక్కుంటూనే భర్త కూడా పక్కన పడుకుంటాడు. ఆ ఆఖరి రోజు గుమ్మంలో చెప్పులేసుకుంటూ మాస్టారు చెప్పింది ఒక్కటే మరి:

“ఏమీ లేదు అనేముందు, ఆ ముక్కు ఎత్తుకు వంగి చూడమ్మా, నాలుగు ఎనిమిదీ.”